రాయడం పూర్తికాని నాటకానికి జనాన్ని ఉచితంగా పిలవొచ్చా?

బెళ్ళందూరు బాబాయ్:
బెంగళూరులో ఉన్న నాటకాభిమానులకు ఒక ప్రశ్న. పోయిన శని, ఆదివారాల్లో జేపీ నగర్ వైపు ఒక చిన్న హాల్లో మన ఊరి నాటక బృందాలు కొన్ని కలిసి కొత్త నాటకాలు చూపించాయి. కన్నడం, ఇంగ్లీషు, తమిళం, మన తెలుగుది ఒకటి. అన్నీ ఇంకా రాస్తూ ఉన్న నాటకాలే. సెట్టు లేదు, మేకప్ లేదు, నటులు స్క్రిప్టు చేత్తో పట్టుకుని చదివారు. టికెట్ లేదు. అయ్యాక రచయితలు ముందుకొచ్చి "ఎక్కడ బోరు కొట్టింది, ఎక్కడ అర్థం కాలేదు" అని అడిగి రాసుకున్నారు.

తెలుగు నాటకం కోలారు బంగారు గనుల మీద. 2001లో గనులు మూతపడ్డాక అక్కడే ఉండిపోయిన తండ్రి, తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఉద్యోగానికి వచ్చే కూతురు. మేం ఆదివారం చూశాం. నాకు నచ్చింది. మా ఆవిడ మాత్రం "భోజనానికి పిలిచి కూరలు తరుగుతుంటే చూపించారు" అంది. మీరేమంటారు? ఇలాంటివి పెట్టాలా, వద్దా?

గ్రీన్‌రూమ్:
మీ ఆవిడగారు సరిగ్గా చెప్పారు. స్టేజి మీద నటుడి చేతిలో కాగితం ఏమిటండీ? నేను తెనాలి, గుంటూరు వైపు నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో ఎన్నో ఏళ్ళు నాటికలు ఆడినవాణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఇక్కడే ఉంటున్నాను. పరిషత్తులో పక్కనుంచి ప్రాంప్టింగ్ వినపడిందంటేనే జడ్జి కలం కదిలేది. డైలాగు నోటికి రానివాణ్ణి అసలు స్టేజి ఎక్కనిచ్చేవారు కాదు. గంట నాటిక గంటలో ముగించాలి, సెట్టు మనమే కట్టుకోవాలి, మనమే విప్పుకోవాలి. అంత కష్టపడ్డాకే జనం ముందుకు వెళ్ళేవాళ్ళం. ఇక్కడ పైన ఫ్యాను తిరుగుతోంది, ఆ గాలికి పేజీ లేచిపోతోంది, నటుడు బొటనవేలితో నొక్కిపెట్టుకుని ఏడుపు డైలాగు చెబుతున్నాడు. దాన్ని నాటకం అంటారా?

చిక్కబళ్ళాపురం:
ఉచితం అంటే పేరు నమోదు చేసుకుంటారు, రారు. బెంగళూరులో ఏ కార్యక్రమం చూసినా ఇదే కథ.

మూడోబెల్:
ఆ తెలుగు నాటకం రాసింది నేనే. గ్రీన్‌రూమ్ గారూ, అది నటన చూపించే సందర్భం కాదండీ. రచయిత తన నాటకాన్ని మొదటిసారి బయటివాళ్ళ చెవులతో వినే సందర్భం. ఇంట్లో ఒంటరిగా చదువుకుంటే నా ప్రతి వాక్యం నాకు ముద్దుగానే ఉంటుంది. యాభైమంది మధ్య కూర్చుని విన్నప్పుడు ఎవరు ఎక్కడ ఫోన్ తీశారో కనిపిస్తుంది.

ఇదేం కొత్త కాదు. అమెరికాలో కొత్త నాటకాలకు చోటిచ్చే యూజీన్ ఓనీల్ సెంటర్ 1964 నుంచీ ఉంది. అక్కడా నటులు కాగితం పట్టుకునే చదువుతారు. ఆగస్ట్ విల్సన్ రాసిన "మా రెయినీస్ బ్లాక్ బాటమ్" నాటకం 1982లో అక్కడ అలా చదివించుకున్నదే, 1984లో బ్రాడ్‌వేకి వెళ్ళింది. అంత దూరం ఎందుకు? కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అయినా గురజాడ వదల్లేదు. 1909 నాటి రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. అయిదంకాలు ఏడయ్యాయి. మనం ఇవాళ నెత్తిన పెట్టుకునే మధురవాణి ఆ రెండో కూర్పులో పెరిగిన మనిషే.

గ్రీన్‌రూమ్:
1892లో విజయనగరంలో ఎవరైనా కాగితం చూసి చదివారా అమ్మా? పూర్తి నాటకం, పూర్తి వేషాలతో ఆడారు. ఆడాక మార్చుకున్నాడాయన. మీరు ఆడకుండానే మారుస్తున్నారు. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

వలసపక్షి:
చికాగోలో గుడ్‌మన్ థియేటర్ వాళ్ళు న్యూ స్టేజెస్ అని ఇలాంటివి ఉచితంగానే పెడతారు. ప్రాజెక్టు మీద అక్కడ ఉన్నప్పుడు వెళ్ళాను. చేతిలో స్క్రిప్టు ఉన్న సంగతి కాసేపటికి మర్చిపోయాను.

రాగిసంకటి:
చికాగో వదిలేయండి సార్. నాకు ఒక్కటే అనుమానం. మధ్యలో వచ్చేవాళ్ళు వస్తున్నారు, లేచిపోయేవాళ్ళు లేచిపోతున్నారు. ఇక్కడి రంగశంకర థియేటర్లో ఏడున్నర అంటే ఏడున్నరే, తర్వాత వస్తే తలుపు తీయరు. 2004లో మొదలుపెట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. ఇక్కడ డబ్బు పెట్టలేదు కాబట్టి భయం లేదు. నా వెనకాయన ఆఫీస్ కాల్ మాట్లాడాడు, హాల్లోనే!

మూడోబెల్:
లేచిపోవడం కూడా నాకు సమాచారమేనండీ. టికెట్ కొన్నవాడు మొహమాటానికో, డబ్బు దండగవుతుందనో కూర్చుంటాడు. ఉచితంగా వచ్చినవాడు విసుగొస్తే లేస్తాడు. ఏ సీన్లో లేచారో నాకు కావాలి.

చిక్కబళ్ళాపురం:
రాత్రి తొమ్మిదికి జేపీ నగర్ నుంచి వైట్‌ఫీల్డ్ వెళ్ళాల్సినవాడు ఏ సీన్లో అయినా లేస్తాడు. అది మీ నాటకం తప్పు కాదు, సిల్క్‌బోర్డు ట్రాఫిక్ తప్పు.

గ్రీన్‌రూమ్:
విషయం పక్కదారి పట్టించకండి. నేను అడిగేది కాగితం సంగతి. బళ్ళారి రాఘవ అంతటివాడు ఈ రాష్ట్రంలోని బళ్ళారిలోనే ఉండి తెలుగు స్టేజిని ఏలాడు. సురభి కుటుంబాలు 1885 నుంచి టికెట్ డబ్బుతో పిల్లల్ని పెంచుకుంటూ నాటకాలు ఆడాయి. వాళ్ళ పిల్లలకు పద్యం ఉగ్గుపాలతో వచ్చేసేది. వాళ్ళెవరైనా కాగితం పట్టుకున్నారా? నటుడికి విలువ ఇచ్చేవాళ్ళు నటుడి చేతిలో కాగితం పెట్టరు. అంతే.

మూడోబెల్:
ఇన్ని పోస్టుల్లో మీరు కాగితం తప్ప ఇంకో మాట అనలేదు. నాటకంలో ఏముందో, కూతురు చివర ఇల్లు ఎందుకు అమ్మనంటుందో ఒక్క ముక్క లేదు. ఏమనుకోకండి, మీ పరిషత్ నాటికల్లో చప్పట్ల కోసం ఒక కేక, కన్నీళ్ళ కోసం ఒక చావు ఉంటాయి. జడ్జికి నచ్చితే చాలు. ఆ రోజుల్లోనే ఆగిపోయారు మీరు.

మోడరేటర్:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ఇద్దరికీ చెబుతున్నాను.

గ్రీన్‌రూమ్:
మోడరేటర్ గారూ, ఇది తొలగించకండి. ఒక్కసారి చెప్పనివ్వండి.

కాగితం కాగితం అని ఎందుకంటున్నానో చెబుతాను. ఆ నాటకంలో తండ్రి వేషం నాదే. ఈ పేరుతో రాసేది నేనేనని ఈ అమ్మాయికి తెలిసి ఉండదు. బట్టీ పట్టక్కర్లేదు, చదివితే చాలు అన్నారు. నా వల్ల కాదు. తండ్రి, కేజ్ (గని లిఫ్టు) ఎక్కి గనిలోకి దిగిన మొదటి రోజు గురించి చెప్పే పెద్ద మాట ఒకటి ఉంది. కోలారులోని చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైనే లోతు. కిందికి వెళ్ళేకొద్దీ చెవులు మూసుకుపోవడం, రాతి గోడ వేడి, పక్కవాడి చెమట వాసన. అంత బాగా రాసిందీ ఈ అమ్మాయే, కాదనను. దాన్ని పొద్దున్నే పార్కులో నడుస్తూ నోటికి తెచ్చుకున్నాను. శనివారం ఆ మాట కాగితం కింద పెట్టేసి చెప్పాను. హాలు నిశ్శబ్దం అయింది.

అయ్యాక చర్చలో ఎవరో కుర్రాడు లేచి "తండ్రి స్పీచ్ లాగ్ అయింది" అన్నాడు. ఆదివారం పొద్దున్న వాట్సాప్‌లో కొత్త పేజీలు. ఆ మాట మొత్తం ఎగిరిపోయి నాలుగు లైన్లు మిగిలాయి. ఒక ఫోన్ లేదు, "బాబాయిగారూ, ఇలా చేశాను" అన్న మాట లేదు. మధ్యాహ్నం షో. కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసి చదివాను. ఫ్యాను గాలికి పేజీ నొక్కిపెట్టుకున్నవాణ్ణి నేనే.

బెళ్ళందూరు బాబాయ్:
అయ్యో. మేం చూసింది ఆదివారం కదా. కేజ్ ప్రస్తావన వచ్చి వెంటనే పోయింది. అక్కడ ఏదో మిస్సయిందే అని మా ఆవిడ అప్పుడే అంది.

రాగిసంకటి:
చర్చ ఇప్పుడు మొదలైంది.

మూడోబెల్:
మీరని నిజంగానే తెలియదు. సరే, తెలిశాక కూడా చెప్పేది అదే. ఆ మాట తీసేసింది ఆ కుర్రాడు అన్నాడని కాదు. మీరు చాలా బాగా చెప్పారు, అందుకే తీశాను. మీ గొంతులో అది విన్నాక నాటకం అక్కడే అయిపోయింది. ఆ తర్వాత కూతురు ఏం మాట్లాడినా ఎవరికీ పట్టలేదు. ఇది కూతురి కథ. నాటకం నాది, మార్చుకునే హక్కు నాది. రాత్రి రాసి పొద్దున్న విని చూసుకోవడానికేగా ఈ రెండు రోజులు పెట్టుకున్నది!

గ్రీన్‌రూమ్:
హక్కు మీదే. ఎవరు కాదన్నారు? మరి నేను పార్కులో తిరిగిన పొద్దుటిపూటలు ఎవరివి? బాగా చెప్పినందుకు కోసేశానంటున్నారు. ఆ ముక్క ఆదివారం పొద్దున్న నాతో అని ఉంటే సంతోషంగా ఆ నాలుగు లైన్లే చదివేవాణ్ణి.

సైడ్‌వింగ్:
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. కూతురి వేషం వేసింది నేను. మీరిద్దరూ గౌరవం గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి నేను డబ్బు గురించి మాట్లాడతాను.

ఆ రెండు రోజులు ప్రేక్షకులకు ఉచితం. హాలు అద్దె ఉచితం కాదు. మైకు సెట్టు ఆయన లెక్క చూసుకుని తీసుకెళ్ళాడు. స్క్రిప్టు జిరాక్సులకు డబ్బు కట్టారు, టీలకు కట్టారు. నటులకు ఆటో ఖర్చు, ఒకపూట భోజనం. నేను పరిషత్తులకు వెళ్తే పారితోషికం ముందే మాట్లాడుకుంటాను. ఎన్ని రిహార్సల్సు, రాత్రి బస్సా, రైలా, అన్నీ. "ఇది ప్రయోగం కదండీ" అనేసరికి నోరు పెగల్లేదు. గ్రీన్‌రూమ్ గారి తరం మగవాళ్ళు సొంత డబ్బు పెట్టుకుని నాటకాలు ఆడారు, అది వాళ్ళకు గొప్ప. నాకు ఇది పని. శనివారం బొటీక్ మూసేసి వచ్చాను.

వలసపక్షి:
ఇందాక రాయడం మర్చిపోయాను. అమెరికాలో నటులకు 1913 నుంచీ ఈక్విటీ అనే సంఘం ఉంది. గుడ్‌మన్ లాంటి పెద్ద థియేటర్లో స్క్రిప్టు చదవడానికి వచ్చినా నటుడికి డబ్బు ఇస్తారు. అక్కడ ఉచితం అంటే చూసేవాళ్ళ వరకే.

గ్రీన్‌రూమ్:
నేను డబ్బు అడగలేదు. అడగను కూడా.

సైడ్‌వింగ్:
మీరు అడగరు కాబట్టే నేను అడిగితే ఆశపోతుననుకుంటారు, సార్.

మూడోబెల్:
సైడ్‌వింగ్, నువ్వన్నది న్యాయమే. కానీ ఆ నాటకానికి నాకూ పైసా రాలేదు, పైగా జిరాక్సులు నా జేబులోంచే. టికెట్ పెట్టమంటారా? టికెట్ పెడితే వచ్చినవాడికి పూర్తి నాటకం బాకీ పడతాను. రాత్రికి రాత్రి సీను మార్చే ధైర్యం రాదు. అప్పుడు ఇక ఈ రెండు రోజులు ఎందుకు?

రాగిసంకటి:
పళ్ళెం తిప్పండి. మా ఊళ్ళో హరికథకి టికెట్ ఎవడు పెట్టాడు? మధ్యలో హారతి పళ్ళెం వచ్చేది, తోచింది వేసేవాళ్ళం. వచ్చింది నటులకు పంచండి, లెక్క గోడ మీద రాసి పెట్టండి.

చిక్కబళ్ళాపురం:
పళ్ళెం కాదు, క్యూఆర్ కోడ్. ఎవరి జేబులోనూ నోట్లు లేవు.

సైడ్‌వింగ్:
వచ్చింది పంచడం కాదు. రాకపోయినా ఇంత ఇస్తాం అని ముందే చెప్పాలి. తక్కువైనా ఫర్వాలేదు.

గ్రీన్‌రూమ్:
పళ్ళెం పట్టుకుని ఎవరు తిరుగుతారట? నటుడు తిరగడు. అది మాత్రం నేను ఒప్పుకోను.

మూడోబెల్:
నేను తిరుగుతాను. సైడ్‌వింగ్ అన్నట్టు ముందే ఒక మాట ఇచ్చి, తగ్గింది నేనూ మా బృందం వేసుకుంటాం. కొత్త పేజీలు వస్తే ఫోన్ చేసి చెబుతాను. కేజ్ మాట మాత్రం తిరిగి పెట్టను.

గ్రీన్‌రూమ్:
పెట్టమని నేనూ అనలేదు. కాగితం చూసి చదవనని మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. పేజీలు ముందు రోజు ఇస్తే సరే, లేకపోతే ఇంకొకర్ని చూసుకోండి.

బెళ్ళందూరు బాబాయ్:
శనివారం రాలేకపోయినవాళ్ళం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. ఆ కేజ్ మాట ఒకసారి ఇక్కడ టైపు చేయండి గ్రీన్‌రూమ్ గారూ, చదువుకుంటాం.

గ్రీన్‌రూమ్:
అడగాల్సింది నన్ను కాదు. స్క్రిప్టు ఆమెది.

మూడోబెల్:
ఇప్పుడే వద్దండీ. అది ఇంకా మారుస్తున్నాను.