1600 మీటర్ల ప్రాక్టీసయ్యాక ఐసు నీళ్ళ డ్రమ్ము: ఎంత ఐసు, ఎంతసేపు?

రాజాం_రన్నర్
అన్నలూ, ఆర్మీ ర్యాలీకి నలుగురం ప్రిపేర్ అవుతున్నాం. పరుగయ్యాక ఐసు నీళ్ళలో దిగితే మర్నాటికి కాళ్ళు తేలికవుతాయంటున్నారు. 200 లీటర్ల నీలం డ్రమ్ము సరిపోద్దా? ఐసు ఎన్ని కేజీలు? ఎన్ని నిమిషాలు? పరుగుకి ముందా, తర్వాతా? డ్రమ్ము బదులు నూతిలో దిగినా అదే ఫలితమా? మోకాలి కింద ఎముక వెంట నొప్పి కూడా తగ్గుద్దా?

నౌపడ_కల్లుప్పు
ఉత్త ఐసు ఏటి సరిపోద్ది బాబూ. రెండు కేజీల కల్లుప్పు కొట్టు. కుల్ఫీ బండోడు ఏటి చేస్తాడో చూళ్ళేదేటి? ఉప్పేస్తే సగం ఐసుతోనే పనైపోద్ది.

ఫిజిక్స్_మాస్టారు
ముందు లెక్క చూద్దాం, ఉప్పు సంగతి తర్వాత. కేజీ ఐసు కరగడానికి 80 కిలోకేలరీల వేడి లాగుతుంది. కరిగిన నీళ్ళు 15 డిగ్రీలకు రావడానికి ఇంకో 15. మొత్తం 95. డ్రమ్ములో 120 లీటర్లు 28 డిగ్రీల నీళ్ళు పోశారనుకోండి. 15కి దించాలంటే 120 ఇంటూ 13, అంటే 1560. దాన్ని 95తో భాగిస్తే 16 కేజీల పైచిలుకు. ఎండ, గాలి, డ్రమ్ము వేడి కలుపుకుని 20 కేజీలు తెచ్చుకోండి. 120 కంటే ఎక్కువ పోయొద్దు, మనిషి గొంతుక్కూచుంటే నీళ్ళు అంచుదాకా వచ్చేస్తాయి.
జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, దాని గీతలు 35 దగ్గర మొదలవుతాయి. చేపల తొట్టెకి పెట్టే డిజిటల్‌ది గానీ, ల్యాబుల్లో వాడే గాజు కడ్డీ గానీ కొనండి. ఐసు పక్కన నీళ్ళు ఒకలా, దూరంగా ఒకలా ఉండొచ్చు. కర్రతో కలిపి, మధ్యలో కొలవాలి.

భావనపాడు_ఐసు
దిమ్మ ఐసు తూకం వేయించుకుని కొనండి, దిమ్మ లెక్కన కాదు. గోనె సంచిలో చుట్టి, చేపల థర్మాకోల్ పెట్టెలో పెడితే దారిలో పెద్దగా పోదు. ఊకలో పెట్టి తెస్తే డ్రమ్మంతా ఊక తేల్తుంది, కాళ్ళకు అంటుకుని చికాకు. చేపల ఐసు తాగడానికి కాదు, కూల్‌డ్రింకుల్లో వేసేయకండి. తినకూడని ఐసుకి నీలం రంగు కలపాలని రూలుంది, రంగు లేనంతమాత్రాన శుభ్రమైందని నమ్మొద్దు. దిమ్మని పగలగొట్టి వేయండి, కోడిగుడ్డంత ముక్కలైతే త్వరగా కరుగుతాయి.

నౌపడ_కల్లుప్పు
మాస్టారూ లెక్క బాగుంది గానీ ఉప్పుకి జవాబు చెప్పలేదు.

ఫిజిక్స్_మాస్టారు
చెప్తాను. ఉప్పు చలిని పుట్టించదు. కేజీ ఐసు కరిగితే లాక్కునే వేడి అంతే, ఉప్పున్నా లేకపోయినా ఇంచుమించు అదే. ఉప్పు చేసేదల్లా ఐసు సున్నాకి దిగువన కరిగేలా చేయడం. కుల్ఫీకి అది కావాలి, పాలు గడ్డ కట్టాలి కదా. మనకు కావలసింది 15 డిగ్రీలు. 120 లీటర్లలో కేజీ ఉప్పు వేస్తే గడ్డకట్టే బిందువు అర డిగ్రీ దిగుతుంది. ఏమైనా ఒరిగిందా?

నౌపడ_కల్లుప్పు
పుస్తకాలు చదివినోళ్ళకి చేతి పని ఎలా తెలుస్తాది. ఉప్పు చల్లిన ఐసు మీద చెయ్యేసి చూడండి, అప్పుడు మాటాడండి.

విజ్జీ_గ్రౌండ్_ఫిజియో
చెయ్యి వేయొద్దు! అసలు ప్రమాదం అదే. ఉప్పు పూర్తిగా కరగకముందు ఐసు ముక్క మీద అంటుకుని ఉంటే, ఆ చోట ఉష్ణోగ్రత మైనస్ 10, 15 దాకా పోగలదు. హద్దు మైనస్ 21. అది తొడకో పాదానికో తగిలితే చర్మం కాలినట్టే బొబ్బలొస్తాయి. మొద్దుబారిన కాలికి నొప్పి తెలీదు కనక మనిషి అలాగే నిలబడిపోతాడు. ఉప్పు సంచీ పక్కన పెట్టండి.

నౌపడ_కల్లుప్పు
భయపెట్టడం తప్ప ఏటీ రాదు మీకు. ఉప్పు నీళ్ళలో ముందే కలిపేస్తే బొబ్బలెందుకొస్తాయి?

ఫిజిక్స్_మాస్టారు
రావు. లాభమూ రాదు. ఆ రెండు కేజీలు పచ్చడికి వాడుకోండి.

నాగావళి_ఒడ్డు
ఇంత గొడవెందుకు? కార్తీకమాసం తెల్లారగట్ల నదిలో మునగడం మనకి కొత్తా? ఫారిన్ వాళ్ళు చెబితేనే వింటారు.

విజ్జీ_గ్రౌండ్_ఫిజియో
మూడు మునకలేసి లేవడం వేరు, పది నిమిషాలు నడుం దాకా కూచోవడం వేరు. నాగావళి నీరు కార్తీకంలో 15 డిగ్రీలకి దిగదు. నదిలో అలిసిన కాళ్ళతో నిలబడి, ఇసక తవ్విన గుంటల్లో జారితే ఆపేవాళ్ళుండరు, పైనుంచి నీళ్ళొదిలితే సరేసరి. కళింగపట్నం బీచి అనేవాళ్ళకీ అదే జవాబు. చలికాలంలో కూడా సముద్రం 25 చుట్టుపక్కలే.

చీపురుపల్లి_బోరు
నుయ్యి గురించి ఎవరూ చెప్పలేదు. మన వైపు నూతి నీరు ఏడాది పొడుగునా 27, 28. పుష్యమాసం పొద్దున్నే నూతిలోంచి పొగలొస్తాయి చూడండి, అది చన్నీళ్ళు ఎలా అవుతాది? జనవరిలో మేడ మీద ట్యాంకు నీరు రాత్రంతా చల్లారి 20, 21కి దిగుతుంది, అది పోసుకోండి. 21 నుంచి 15కి 8 కేజీల ఐసుతో అయిపోద్ది. మే నెలలో తిరగెయ్యండి, ట్యాంకు వొగ్గేసి నూతి నీరు తోడుకోండి, ట్యాంకుది మధ్యాన్నానికి 35 దాటేస్తాది. నూతిలోకి మాత్రం దిగొద్దు. పరిగెత్తి అలిసిన ఒంటితో తాడు పట్టు చిక్కదు.

కొండవెలగాడ_బార్‌బెల్
వెయిట్లెత్తే కుర్రాళ్ళకి ఒక మాట. స్క్వాట్లు కొట్టి నేరుగా ఐసులో దూకేస్తే కండ పెరగదు. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు 12 వారాలు చూశారు. బరువులయ్యాక 10 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు కూచున్నవాళ్ళకి కండ, బలం తక్కువ పెరిగాయి, తేలిగ్గా సైకిల్ తొక్కినవాళ్ళకి ఎక్కువ. బలం పెంచే రోజున ఐసు వద్దు. తప్పదంటే నాలుగైదు గంటలు ఎడం ఉంచు. పోటీల్లో మర్నాడు మళ్ళీ ఎత్తాలి అంటే అప్పుడు దిగు, పెరుగుదల గురించి ఆ రోజు ఆలోచించక్కర్లేదు. మా ఊళ్ళో వెయిట్‌లిఫ్టింగు గురించి నాకు నేర్పొద్దు.

రాజాం_రన్నర్
అన్నా మేం పరుగోళ్ళం. నిమిషాలు, ఎముక నొప్పి చెప్పండి.

విజ్జీ_గ్రౌండ్_ఫిజియో
ఎముక వెంట నొప్పి ఐసుతో కాసేపు మొద్దుబారుతుంది, నయం కాదు. వేలితో నొక్కితే ఒక్కచోటే చురుక్కుమంటే ఎముకలో చీలిక ఉండొచ్చు, పరుగు ఆపి ఎముకల డాక్టరుకి చూపించు. మొద్దుబార్చి పరిగెడితే చీలిక పెరుగుతుంది.
నిమిషాలు: మొదటి వారం 20 డిగ్రీలు, 2 నిమిషాలు. తర్వాత 18 దగ్గర 5. ఆ పైన 15 దగ్గర 10. ఎంత అలవాటైనా 15 నిమిషాలు దాటొద్దు. 10 డిగ్రీల కిందకి దించితే కండరాలకి అదనంగా పెద్దగా వచ్చేదేమీ లేదు, రిస్కు తప్ప.
దిగేటప్పుడు ఊపిరి బిగపట్టకు. చల్లనీళ్ళు తగలగానే ఒంట్లోంచి ఒక ఎగశ్వాస వస్తుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ పైకి లేస్తుంది. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో అదే తగ్గుతుంది. పాదాలు, పిక్కలు, తొడలు, నడుం అని వరసగా దిగి, నోటితో నెమ్మదిగా ఊపిరి వదులు. ఐదారుసార్లు రెండు మూడు నిమిషాల చొప్పున దిగితే ఈ ఉలికిపాటు సగానికి తగ్గుతుందని పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ మైక్ టిప్టన్ పరిశోధనలు చెబుతాయి. తల ముంచొద్దు. చలి గుండెని పరిగెత్తిస్తుంది, మొహం మునిగితే గుండెని నెమ్మదింపజేసే నరం లేస్తుంది. రెండూ ఒకేసారి లాగితే లయ తప్పొచ్చు.
కదలకుండా కూచుంటే ఒంటి చుట్టూ వెచ్చటి నీటి పొర కడుతుంది, చేత్తో కలిపితే అది చెదిరి చలి ఒక్కసారి కొరుకుతుంది. కొత్తలో కలపకు.

సీతంపేట_కొండ
ఎవరూ అడగలేదు గానీ ఇది ముందు చెప్పాలి. ఏజెన్సీ కుర్రాళ్ళలో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉన్నవాళ్ళుంటారు. చలికి వాళ్ళ రక్తకణాలు వంకర తిరిగి నాళాలు పూడుకుపోయి విపరీతమైన నొప్పి రావచ్చు. టెస్టు చేయించుకోకుండా డ్రమ్ము జోలికి పోవద్దు. బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం, చలికి దద్దుర్లు లేచేవాళ్ళు, చలికి వేళ్ళు తెల్లబడేవాళ్ళు, గర్భిణులు, షుగరుతో పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళు కూడా డాక్టర్ని అడక్కుండా వద్దు.

ఉద్దానం_కొబ్బరి
మా వైపు కిడ్నీ జబ్బులెక్కువ, మా వాళ్ళు ముందు బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. ఐసు వద్దని నొప్పి మాత్రలు మింగడం ఇంకా ప్రమాదం, కిడ్నీల మీద పడతాయి. పరుగయ్యాక ముందు నీళ్ళు తాగండి, చలికి ఒంటేలు ఎక్కువొస్తాది.

పైడిభీమవరం_పాతసామాను
డ్రమ్ము మాట. పాత డ్రమ్ముల్లో ఫ్యాక్టరీ రసాయనాలు పోసినవి ఉంటాయి. లేబులు చింపేసిన డ్రమ్ము కొనొద్దు, మూత తీస్తే వాసనొచ్చేది అసలే వద్దు. నూనె, చక్కెర పాకం పోసినవి నయం. పైభాగం రంపంతో కోశాక అంచు ఇసక కాగితంతో రుద్ది, పాత సైకిల్ ట్యూబు చీల్చి తొడగండి, లేకపోతే తొడ కోసుకుపోద్ది. గోడ పక్కన పెట్టి, అడుగు లోతు భూమిలో దింపండి. ఖాళీ డ్రమ్ములో మనిషి ఒరిగితే డ్రమ్మూ ఒరుగుతుంది. లోపలా బయటా చెరో పీట.

చీపురుపల్లి_బోరు
డ్రమ్ము ఎందుకు, పశువుల కుడితి గోలెం ఉందిగా. వెడల్పు, పొట్టి, దిగడం ఎక్కడం సులువు. బ్లీచింగు వేసి బ్రష్షుతో తోమి రెండుసార్లు కడగండి.

నౌపడ_కల్లుప్పు
కుడితి గోలెంలో మనిషి. సెబాస్. ఉప్పేస్తే మాత్రం తప్పయిపోయింది.

ఫిజిక్స్_మాస్టారు
నలుగురికీ ఒకే నీళ్ళంటే, ఒక్కొక్కరూ దిగి లేచేసరికి డిగ్రీ దాకా పెరగొచ్చు. చూసుకుని రెండేసి కేజీలు వేయండి. కాళ్ళు కడుక్కునే దిగండి. అయ్యాక నీళ్ళు కొబ్బరి మొక్కలకి వదిలేయండి, నిలవుంచితే దోమలు. కూచున్నప్పుడు మోటారు పంపు, కరెంటు వైరు ఏదీ నీళ్ళలో ఉండకూడదు.

రాజాం_రన్నర్
ముందా తర్వాతా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.

విజ్జీ_గ్రౌండ్_ఫిజియో
తర్వాతే. 1600కి ముందు కాళ్ళు చల్లబడితే పిక్కల్లో ఊపు పోతుంది. పరుగయ్యాక పది నిమిషాలు నడిచి, అప్పుడు దిగు. పక్కన ఒకడు నిలబడాలి, ఒంటరిగా వద్దు. లేచేటప్పుడు గోడ పట్టుకో, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఒళ్ళు తుడుచుకుని పొడి బట్టలు వేసుకుని నడువు. బయటికొచ్చాక కూడా లోపలి వేడి కాసేపు పడిపోతూనే ఉంటుంది, అందుకే వెంటనే వేడినీళ్ళ స్నానం వద్దు, బైకెక్కొద్దు, వేళ్ళు బ్రేకు పట్టవు. వారానికి రెండు సార్లు, గట్టి ఇంటర్వెల్ (ఆగి ఆగి వేగంగా పరిగెత్తే ప్రాక్టీసు) రోజుల్లో చాలు.

భావనపాడు_ఐసు
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు కదలవు, కొన్ని ఐసు ఫ్యాక్టరీలు సగం రోజులే నడుస్తాయి. ఎండలు ఎక్కువైన రోజుల్లోనే సరుకు తక్కువన్నమాట. ఫోన్ చేసి వెళ్ళండి. లేదంటే ఇంట్లో రెండు లీటర్ల బాటిళ్ళలో మెడ కిందవరకూ నీళ్ళు పోసి ఫ్రీజరులో పెట్టుకోండి, నిండా పోస్తే పగుల్తాయి. పది బాటిళ్ళు ఒక డ్రమ్ముకి ఇంచుమించు సరిపోతాయి గానీ ఇంటి ఫ్రిజ్జులో ఒక్కసారికి నాలుగో ఐదో పడతాయి, నలుగురిళ్ళల్లో పెట్టుకోండి.