ప్రాచీన చైనాలో వర్తకుణ్ణి రైతు కంటే కింద ఎందుకు ఉంచారు?

ప్రశ్న (విజయవాడ నుంచి, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు)

అందరికీ నమస్కారం. ప్రాచీన చైనా సమాజాన్ని షి, నోంగ్, గోంగ్, షాంగ్, అంటే పండితులు, రైతులు, చేతివృత్తులవారు, వర్తకులు అనే వరుసలో చెప్పేవారని మొన్న తరగతిలో బోర్డు మీద రాశాను. వన్‌టౌన్‌లో టోకు కిరాణా వ్యాపారం చేసే కుటుంబానికి చెందిన ఒక అబ్బాయి లేచి, "మేస్టారూ, డబ్బున్నవాళ్లను అట్టడుగున పెడితే వాళ్లు ఊరుకున్నారా?" అని అడిగాడు. వెనక బల్ల మీది అమ్మాయి, ఇది మన వర్ణవ్యవస్థ లాంటిదేనా అని అడిగింది. రెండింటికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (గుంటూరు నుంచి, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

మేస్టారూ, ఆ వరుస ఎవరి దగ్గర ఎంత ఉందో చెప్పే లెక్క కాదు, రాజ్యానికి ఎవరు ఎంత అవసరమో పాలకులు వేసుకున్న లెక్క. ధాన్యం పన్ను, వెట్టిపని, సైన్యంలోకి మనుషులు, ఈ మూడూ రైతు ఇంటి నుంచే రావాలి. పైగా రైతు భూమిని వదిలి కదలడు కాబట్టి అతణ్ణి లెక్కించడం సులువు, వర్తకుడి సొమ్ము మాత్రం ఊరూరా తిరుగుతుంది, కంటికి కనబడదు. అందుకే, తర్వాతి కాలంలో చైనాను ఏకం చేసిన చిన్ రాజ్యంలో క్రీ.పూ. 356 నుంచి సంస్కరణలు తెచ్చిన షాంగ్ యాంగ్, ధాన్యమూ వస్త్రమూ ఎక్కువగా ఉత్పత్తి చేసినవారిని వెట్టి నుంచి తప్పించి, వ్యాపారం వెంట పడేవారిని బానిసలుగా మార్చవచ్చునని శాసించాడు. రైతు కుటుంబంలో పుట్టి హాన్ వంశాన్ని స్థాపించిన లియు బాంగ్, వర్తకులు పట్టుబట్టలు కట్టరాదని, బండ్లలో తిరగరాదని నిషేధించి, పన్నులూ పెంచాడు.

మరి ఊరుకున్నారా అంటే, ఊరుకోలేదు. వర్తకుడైన లు బువెయ్ చిన్ రాజ్యానికే ప్రధానమంత్రి అయ్యాడు. హాన్ చక్రవర్తి వు కాలంలో ఉప్పు, ఇనుముల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని నడిపిన సాంగ్ హొంగ్‌యాంగ్ ఒక లోయాంగ్ వర్తకుడి కొడుకు. వర్తకుల ఆట కట్టించడానికి వర్తకుడి బిడ్డే కావలసి వచ్చిందన్నమాట!

వర్ణవ్యవస్థతో పోలిక కుదరదని నా అభిప్రాయం. అక్కడ పుట్టుకకు అంత పట్టింపు లేదు.

జవాబు 2 (గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా)

అయ్యా, నాకు చరిత్రలో పట్టా లేదు, చదివే అలవాటు మాత్రం ఉంది. హాన్ చక్రవర్తి వెన్‌కు చావో త్సువో అనే అధికారి సమర్పించిన విన్నపం అనువాదం చదివినప్పుడు యార్డులో రోజూ చూసేదే గుర్తొచ్చింది. పన్ను కట్టే గడువు ముంచుకొస్తే, గింజలున్న రైతు సగం ధరకు అమ్ముకుంటాడు, లేనివాడు రెట్టింపు తీర్చే షరతు మీద అప్పు తెస్తాడు, చివరికి పొలమూ ఇల్లూ బిడ్డలనూ అమ్ముకుంటాడు. ఆ పక్కనే సరుకు నిల్వ చేసుకున్న వర్తకుడు ధర పెరిగేదాకా ఆగుతాడు. చట్టం వర్తకుణ్ణి చిన్నచూపు చూస్తున్నా అతను ధనవంతుడు, రైతును గౌరవిస్తున్నా అతను బీదవాడు అని ఆయన తేల్చాడు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టుకోగలిగినవాడికీ, పెట్టుకోలేనివాడికీ ఉన్న తేడా ఇదే కదా.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆయన సూచించిన మందు. ప్రభుత్వానికి ధాన్యం ఇచ్చినవారికి గౌరవ శ్రేణులు ఇవ్వాలన్నాడు, చక్రవర్తి ఒప్పుకున్నాడు. చిన్ రాజ్యంలో యుద్ధంలో శత్రువు తల తెస్తే దక్కిన శ్రేణి, ఇప్పుడు గింజలు కొలిస్తే దక్కింది. ధాన్యం కొనగలిగేది ఎవరో చెప్పనక్కరలేదు.

జవాబు 3 (తాడేపల్లి నుంచి)

మొదటి జవాబులోని చివరి మాటతో ఏకీభవించలేను. నాలుగు శ్రేణులకూ బయట 'నీచ జనం' అని ముద్ర వేసిన బానిసలు, వినోద వృత్తులవారు ఉండేవారు. హాన్ తర్వాత చాలా కాలానికి వచ్చిన టాంగ్ వంశపు చట్టం వారికీ సామాన్యులకూ మధ్య వివాహాన్ని నిషేధించింది. అటువంటి కొన్ని వర్గాలను ఆ ముద్ర నుంచి తప్పిస్తూ చింగ్ వంశపు యోంగ్‌జెంగ్ చక్రవర్తి ఆజ్ఞలు ఇచ్చింది 1723 నుంచి మాత్రమే. టాంగ్ కాలపు పోటీ పరీక్షల్లో వర్తకుల, చేతివృత్తులవారి కొడుకులకు చోటు లేదు, స్త్రీల మాట అసలు ఎత్తనే అక్కరలేదు. మన వ్యవస్థకూ దానికీ తేడా ఉంది, నిజమే: అక్కడ పురోహితుడు శిఖరాన లేడు, మొదట్లో షి అంటే, చిన్ చక్రవర్తుల కంటే ముందు పాలించిన జౌ రాజుల కాలపు చిన్న స్థాయి యోధుడు, కాలక్రమంలో ఆ మాట చదువుకున్నవాడికి మారింది. కానీ పుట్టుకకు పట్టింపు లేదనడం అతిశయోక్తి.

జవాబు 1 రాసినవారు

మీరు సరిదిద్దినది న్యాయమే, ఆ వాక్యం తొందరపడి రాశాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చేతివృత్తులవారి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లలు రేపు దాన్నే అడుగుతారు.

జవాబు 1 రాసినవారు

షియాన్ దగ్గర తవ్వకాల్లో దొరికిన చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ మట్టి సైనికుల బొమ్మలు చూపించండి. వాటిలో కొన్నింటి మీద పనివారి పేర్లు ఉన్నాయి. అది కళాకారుడికి చేసిన సన్మానం కాదు, బొమ్మలో లోపం బయటపడితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి చెక్కించినవి.