ఒంటరి తల్లికి నెల్లూరులో అందుబాటు ఇల్లు దొరికేదెలా?

ప్రశ్న (స్టోన్‌హౌస్‌పేట): పెద్దలకు నమస్కారం. బట్టల దుకాణంలో పనిచేస్తూ ఇద్దరు పిల్లలను ఒక్కదాన్నే పెంచుకుంటున్నాను. జీతంలో సగానికి పైగా అద్దెకే పోతున్నది. ఇల్లు మారుదామంటే, అద్దె సంగతికి ముందే “ఇంట్లో మగదిక్కు ఎవరమ్మా?” అని అడుగుతున్నారు. సొంత ఇంటికి దారేదైనా ఉందా?

జవాబు 1: అమ్మా, 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వితంతువులకు, ఒంటరి మహిళలకు ప్రాధాన్యం ఉంది. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబాలు పేదల కేటగిరీలోకి వస్తాయి. అయితే కుటుంబమంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు అని నిర్వచించారు కనుక, విడాకులు కాకుండా విడిగా ఉంటున్నవారికి భర్త పేరిట ఉన్న ఇల్లు అడ్డం రావచ్చు. మీ పరిస్థితి ఏదో రాయలేదు. ముందు ఆ కాగితాలు సరిచూసుకొని వార్డు సచివాలయంలో అడగండి.

జవాబు 2 (వెంకటేశ్వరపురం): ఇల్లు వస్తే చాలదమ్మా, ఎక్కడ వస్తుందన్నదీ చూసుకోవాలి. టిడ్కో ఇళ్లు (పట్టణ పేదలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టించిన ఫ్లాట్లు) 300, 365, 430 చదరపు అడుగుల్లో కట్టారు. ముగ్గురికి ఇరుకైనా సర్దుకోవచ్చు. కానీ మా వైపు ఇల్లు వస్తే, పెన్న దాటి రోజూ ఊళ్లోకి రావాలంటే ఆటో ఖర్చూ, బడి నుంచి వచ్చిన పిల్లలను సాయంత్రం చూసే మనిషీ కావాలి. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరు సర్దుకుంటారు, మనకు ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. నాకు విడాకుల డిక్రీ ఉంది. సోమవారం సచివాలయానికి వెళతాను.