చలనం పాఠానికి సిమ్యులేషన్లు: మీ క్లాసులో ఎలా నడుస్తున్నాయి?

జడ్పీ_సైన్స్: తొమ్మిదిలో చలనం మొదలుపెట్టాను. లెక్కలు చేసేస్తున్నారు కానీ స్థానం–కాలం గ్రాఫ్‌లో గీత పైకి పోతే "బండి కొండెక్కుతోంది సార్" అంటున్నారు. ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అదే కంప్యూటర్‌లో ఆడించి చూపే ఉచిత సైన్స్ ప్రయోగాలు, వాడినవాళ్లు చెప్పండి. బడిలో డిజిటల్ ప్యానెల్ ఉంది, నెట్ మాత్రం దేవుడి దయ.

భౌతిక_మేడమ్: నెట్ టెన్షన్ వద్దండి. ఫెట్‌లో హెచ్‌టీఎంఎల్ 5 రకం అయితే ఇంట్లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. మీ సమస్యకు మాత్రం 'మూవింగ్ మ్యాన్' సరైనది. అది పాత జావా ప్రోగ్రామ్, ల్యాప్‌టాప్‌లో జావా ఉండాలి.

అందులో ఒకవైపు చెట్టు, ఇంకోవైపు ఇల్లు, మధ్యలో మనిషి. ప్లే నొక్కకముందే "ఇంటి దగ్గర నుంచి చెట్టు వైపు నడుస్తాడు, మధ్యలో ఆగుతాడు, గ్రాఫ్ గీయండి" అంటాను. నోట్సులో గీశాకే నొక్కుతాను. వాళ్ల గీతకీ తెర మీద గీతకీ తేడా వచ్చినప్పుడే అసలు గొడవ మొదలవుతుంది. వేగం సున్నా కిందకి ఎందుకు పోయింది, మనిషి ముందుకే నడుస్తున్నాడుగా అని! ముందే ఆడించి చూపిస్తే కార్టూన్ చూసినట్టు చూసి ఊరుకుంటారు.

పాత_మాస్టారు: తెర కంటే ముందు గ్రౌండ్. 10 మీటర్లకో సున్నం గీత, గీతకో స్టాప్‌వాచ్, ఒకడు పరిగెత్తాలి. ఆ రీడింగులతో గ్రాఫ్ గీయించండి. తమవాడి పరుగు మీద ఉన్న నమ్మకం బొమ్మ మనిషి మీద ఉండదు.

ఇంటర్_ఫస్టియర్: ప్రక్షేపకాల (ఏటవాలుగా విసిరిన వస్తువుల) దగ్గర గ్రౌండ్ సరిపోదు మాస్టారూ. సిమ్యులేషన్‌లో ఫిరంగిని ఒకే వేగంతో 30, 60 డిగ్రీల్లో పేల్చి ఒకేచోట పడటం చూపిస్తాను. ఫిరంగి ఎత్తు సున్నాకి దించాలి, లేకపోతే పడవు. గాలి నిరోధం పెడితే ఎక్కువ దూరం పోయే కోణం 45 కంటే తగ్గుతుంది. పరీక్షలో రాదు, అయినా చూపిస్తాను.

ట్రాకర్_ఫ్యాన్: రెండూ కలపొచ్చు. బంతిని నిటారుగా ఎగరేసి ఫోన్‌లో వీడియో తీయండి, పక్కన మీటరు స్కేలు కనపడాలి. వీడియోలో బంతి ఎప్పుడు ఎక్కడుందో గుర్తించి గ్రాఫ్ గీసే ట్రాకర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. వేగం గ్రాఫ్ తిన్నటి గీతగా వస్తుంది, దాని వాలు, అంటే త్వరణం, దాదాపు −9.8 మీ/సె². పైన బంతి ఆగినచోట కూడా ఆ గీత వంగదు. "అక్కడ త్వరణం సున్నా కదా" అనేవాళ్లకు అదే జవాబు.

జడ్పీ_సైన్స్: బాగుంది, కానీ పీరియడ్లు?

భౌతిక_మేడమ్: రెండు పోతాయి. వేగం గ్రాఫ్ కింద వైశాల్యమే స్థానభ్రంశమని పట్టుకున్నారంటే చలన సమీకరణాలు దాని మీదే రాబట్టించండి, అక్కడ ఒకటి మిగులుతుంది.