సివిల్ విద్యార్థులకు పైథాన్: ప్రాజెక్టులతో నేర్పితే సిలబస్ పూర్తవుతుందా?

కొత్త లెక్చరర్ (ప్రశ్న)

సివిల్ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం వాళ్లకు పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే భాష) చెబుతున్నాను. నేనూ సివిల్ చదివినవాడినే. సెక్షన్‌లో 60 మంది. నిరుడు అందరూ చెప్పినట్టే చెప్పాను: ప్రధాన సంఖ్యలు, పాలిండ్రోమ్, ఫిబొనాచి, నక్షత్రాల త్రిభుజం. రికార్డులు ముచ్చటగా రాశారు, పరీక్ష గట్టెక్కారు. ఈ ఏడాది సర్వే ల్యాబ్‌లో లెవెలింగ్ (నేల ఎత్తుపల్లాల కొలత) పట్టికను ప్రోగ్రాంగా రాయమంటే వాళ్లలో ఒక్కరూ ముందుకు రాలేదు. "అది పోయిన సంవత్సరం సబ్జెక్టు కదా సార్" అన్నాడొకడు.

ఈసారి ముందు సమస్య ఇచ్చి, దాన్ని పట్టుకునే ప్రోగ్రామింగ్ నేర్పాలనుకుంటున్నాను. సిలబస్ మిగిలిపోతుందేమోనని భయం. నలుగురి జట్టులో ఒకడే పని చేస్తే మార్కులెలా వేయాలి? చాట్‌బాట్‌తో రాయించి తెస్తే ఏం చేయాలి? ఇలా నేర్పినవాళ్లుంటే చెప్పండి. సిద్ధాంతాలు వద్దు, మీ తరగతిలో జరిగింది కావాలి.

కాలువగట్టు

పదకొండేళ్లుగా సివిల్ వాళ్లకే చెబుతున్నాను. ముందు నా పరువు పోయిన కథ వినండి. మొదటిసారి "మీకు నచ్చిన ప్రాజెక్టు చేసుకోండి" అని ఉదారంగా వదిలేశాను. పదిహేను జట్లలో తొమ్మిది గ్రంథాలయ నిర్వహణ ప్రోగ్రాం తెచ్చాయి. రెండింటిలో అక్షర దోషాలు కూడా ఒకటే! అమీర్‌పేటలో ఎంతకు కొన్నారో తర్వాత వాళ్లే చెప్పారు. వాళ్లను తిట్టి లాభం లేదు. పుస్తకం తీసుకుని తిరిగి ఇవ్వడం తప్ప గ్రంథాలయం గురించి వాళ్లకేం తెలుసు? ప్రోగ్రాం తప్పు చెప్పినా వాళ్లకు అనుమానం రాదు.

అప్పటినుంచి నాది ఒకటే షరతు. జవాబు తప్పయితే, కంప్యూటర్ నోరు మెదపకపోయినా విద్యార్థికి తేడా తెలియాలి.

అలాంటి సమస్య నాకు దినపత్రికలో దొరికింది. వానాకాలంలో జలాశయాల పట్టిక వేస్తారు కదా: నీటిమట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో. నేనిచ్చే మొదటి లెక్క ఇది. శ్రీశైలంలో 120 టీఎంసీల నీరుంది (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఇన్‌ఫ్లో 2 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు), ఔట్‌ఫ్లో 60 వేలు. పూర్తి నిల్వ 215.81 టీఎంసీలు. ఎన్ని రోజుల్లో నిండుతుంది?

ఒకసారి ఒకమ్మాయి ప్రోగ్రాం 191 రోజులు అని చూపింది. తప్పుందని చెప్పే ఎర్ర అక్షరాలేమీ రాలేదు, పైథాన్‌కు అంతా సవ్యమే. ఆ అమ్మాయి మాత్రం తెర వంక కాసేపు చూసి, "జులైలో మొదలుపెడితే సంక్రాంతి దాటిపోతోంది సార్, అప్పటికి వరద ఎక్కడుంటుంది?" అంది. గంటకుండే 3,600 సెకన్లతో గుణించి దాన్నే రోజనుకుంది. రోజుకుండే 86,400 పెట్టగానే 8 రోజులని వచ్చింది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అనే నోటిలెక్క ఎలా పుట్టిందో కూడా ఆ గంటలోనే తేలింది. ఆ 191ని నేను పట్టుకుని ఉంటే మార్కులు తగ్గేవి, అంతే. తనే పట్టుకుంది కాబట్టి ఆ సెమిస్టరంతా ప్రతి జవాబునూ అనుమానంగానే చూసింది.

ఆ తర్వాత నేను పెద్దగా తొయ్యనక్కరలేదు. ఇన్‌ఫ్లో రోజూ ఒకేలా ఉండదు కాబట్టి రోజువారీ అంకెలను వరసగా దాచే లిస్టు కావాలి. లూప్‌ను (అదే లెక్కను మళ్లీ మళ్లీ చేయించేది) పది రోజులు తిప్పితే నిల్వ 240 టీఎంసీలు దాటుతుంది, "గేట్లు ఎత్తరా?" అని వెనక బెంచీ నుంచి కేక వస్తుంది, అక్కడ ఇఫ్ (ఫలానా అయితేనే ఇది చెయ్యి అనే ఆదేశం) చెబుతాను. శ్రీశైలం నుంచి నదిలోకి వదిలిన నీరు కింద నాగార్జునసాగర్‌కు ఇన్‌ఫ్లో అవుతుంది. సాగర్ 312 టీఎంసీలు, దాని కింద పులిచింతల 45.77. అదే కోడ్‌ను మూడుసార్లు అతికించి అంకెలు మార్చుకుంటారు. నేనేమీ అనను. మరుసటి వారం "ఆవిరి నష్టం కూడా కలపండి" అంటాను. రెండు చోట్ల మార్చి మూడో చోట మరిచిపోతారు. ఒకసారి రాసి ఎన్నిసార్లయినా వాడుకునే ఫంక్షన్ ఎందుకో ఇక వివరించనక్కరలేదు.

ఒకడు పాత పుస్తకం చూసి శ్రీశైలానికి 308 టీఎంసీలు వేశాడు. అదీ అబద్ధం కాదు, డ్యామ్ కట్టినప్పటి లెక్క అది. పూడిక చేరి నిల్వ తగ్గుతూ వచ్చింది. ఆ అంకెను ఐదు చోట్ల రాసుకున్నవాడు ఐదు చోట్లా దిద్దుకున్నాడు. దాన్ని ఒక్కచోటే, పేరు పెట్టి వేరియబుల్‌లో పెట్టుకున్న పక్క జట్టువాడు నవ్వుతూ కూర్చున్నాడు.

సిలబస్ సంగతి. మొదటి మూడు వారాలు నేను మామూలు పాఠమే చెబుతాను. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) ఏ జలాశయంలోనూ తేలదు, దానికి రెండు గంటలు సుద్దముక్క పట్టుకుంటాను. సమస్యతో నేర్పే పద్ధతికి పేరు తెచ్చింది 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య కళాశాల. అక్కడ చిన్న చిన్న బృందాలు, పక్కన ట్యూటర్. మనకు 60 మందికి ఒకరం. అంతా వాళ్లనే కనుక్కోమంటే చుక్కలు చూస్తాం.

పీపీటీ చేసినవాడు

నేను మెకానికల్. మాకూ ప్రాజెక్టు పద్ధతే. కోడ్ ఒకడు రాశాడు, నేను పీపీటీ చేశాను, మిగతా ఇద్దరు స్పైరల్ బైండింగ్ చేయించారు. నలుగురికీ ఒకే మార్కులు. ఉద్యోగంలో చేరాక ఆరు నెలలు రాత్రుళ్లు కూర్చుని లూపుల దగ్గరినుంచి నేర్చుకున్నాను. నాకైతే ఆ ఫిబొనాచి అయినా సొంతంగా రాయించి ఉంటే మేలు జరిగేది.

కాలువగట్టు

మీరన్నది న్యాయమే. నా దగ్గరా రెండేళ్లు అలాగే నడిచింది. ఇప్పుడు జట్టుకు ముగ్గురే. ప్రాజెక్టుకు 40 మార్కులైతే నివేదికకు పదే. మిగతా 30 వైవాలో (నోటి పరీక్షలో), ఒక్కొక్కరికీ విడిగా. కోడ్ తెరిచి ఉంచి "ఐదో రోజు నుంచి ఇన్‌ఫ్లో సగానికి పడిపోయింది, మార్చండి" అంటాను. ఏడు నిమిషాలు. నా ముందే మార్చాలి. చాట్‌బాట్ రాసిందా, బావ రాశాడా అని అడగను. చదివి అర్థం చేసుకున్నవాడు మార్చగలడు. 60 మందికి ఏడు గంటలు పడుతుంది, రెండు మధ్యాహ్నాలు పోతాయి. నా గొంతు కూడా.

మొక్కల మేడం

డిగ్రీ కళాశాలలో బయోటెక్నాలజీ వాళ్లకు చెబుతాను. మాకు జలాశయాలు పనికిరావు కానీ షరతు పనికొచ్చింది. జన్యువుల జాబితాను ఎక్సెల్‌లో తెరిపిస్తాను. మార్చ్1, సెప్ట్2 అనే జన్యువులు తేదీలైపోయి కూర్చుంటాయి. మా అమ్మాయిలు గొల్లుమంటారు, మార్చి ఒకటో తారీఖు జన్యువేమిటని! ఈ బాధ పడలేకే 2020లో ఆ జన్యువుల పేర్లనే అధికారికంగా మార్చారు. ఫైలును పైథాన్‌తో చదివి, పాడైన పేర్లెన్నో లెక్కపెట్టడం మా మొదటి ప్రాజెక్టు. రెండు వారాల్లో అయిపోతుంది. కొత్త లెక్చరర్ గారూ, మొదటిది చిన్నదే ఇవ్వండి. సెమిస్టరంతా సాగే ప్రాజెక్టు ఇచ్చి నేనొకసారి దెబ్బతిన్నాను.

కొత్త లెక్చరర్

అందరికీ ధన్యవాదాలు. మొదటి యూనిట్ పాత పద్ధతిలోనే చెప్పి, రెండో యూనిట్‌కు శ్రీశైలం లెక్క ఇస్తాను. పట్టికల కోసం ఇంట్లో పాత పేపర్లు వెతికితే, మా అమ్మ పోయిన వారమే తూకానికి వేసేసిందట. కాలువగట్టు గారూ, మీరు కత్తిరించి దాచుకున్నవి ఉంటే ఒక ఆగస్టు నెలవి ఫొటో తీసి పెట్టగలరా?