గుర్రాల ప్యాడాక్‌లలో మేత పద్ధతి మారిస్తే నేల కర్బనం పెరుగుతుందా?

పచ్చికబయలు:
12 ఆడగుర్రాలు, వాటి పిల్లలు, 10 హెక్టార్ల పచ్చిక. మూడు పెద్ద ప్యాడాక్‌లలో (కంచె వేసిన మేత భాగాల్లో) ఏడాదంతా వదిలేస్తున్నాం. కొన్నిచోట్ల గడ్డిని నేలకంటా కొరికేసి మట్టి తేలింది. లద్దె పడే మూలల్లో మాత్రం మోకాలెత్తు ముదిరింది. పై 10 సెంటీమీటర్లలో సేంద్రియ కర్బనం 1.2 శాతం. ఎన్ని భాగాలు చేయాలి? కర్బనం పెరిగిందని ఎలా తేల్చుకోవాలి?

పశుమేత:
గుర్రానికి పైనా కిందా ముందుపళ్లు ఉంటాయి కాబట్టి ఆవుకంటే నేలకు దగ్గరగా కొరుకుతుంది. లేత చిగురు కోసం అక్కడికే మళ్లీ వస్తుంది. ఆకు పోయిన మొక్క నిల్వల్ని చిగురు మీద ఖర్చుపెడుతుంది, వేరు ఎదుగుదల ఆగుతుంది. నేలలోకి కర్బనం దిగేది ఎక్కువగా వేళ్ల నుంచే.

ఎనిమిది భాగాలు చేయండి. ఒక్కోదానిలో నాలుగు రోజులు మేపితే 28 రోజుల విరామం దొరుకుతుంది. గడ్డి 15–20 సెంటీమీటర్లు ఉన్నప్పుడు వదిలి, 8–10కి దిగగానే తీసేయండి. సగటు ఎత్తు చూడొద్దు, బాగా మేసిన చోటే కొలవండి. ఎదుగుదల మందగించిన కాలంలో 45 రోజులైనా ఆగాలి. అప్పటికీ గడ్డి రాకపోతే ఒక ప్యాడాక్‌ను వదులుకుని, గుర్రాల్ని అందులోనే ఉంచి ఎండుగడ్డి వేయండి. వాన పడి నేల మెత్తబడ్డ రోజుల్లోనూ అంతే, లేకపోతే డెక్కల కింద మట్టి గట్టిపడుతుంది.

కంచెకు వెడల్పు ఎలక్ట్రిక్ టేపు వాడండి. సన్నతీగ పిల్లలకు కనబడదు.

పచ్చికబయలు:
లద్దెను అక్కడే పరిచేయొచ్చా?

పశుమేత:
పరిస్తే పురుగుల లార్వా పచ్చికంతా పాకుతుంది. ఎర్రటి ఎండలో పరిచి, ఆ భాగానికి చాలాకాలం విరామం ఇవ్వగలిగితేనే చేయండి. ఎత్తి కంపోస్టు చేయడం మేలు. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటాలి. అంచుల్లో ఉన్నది చల్లగానే ఉండిపోతుంది కాబట్టి తిరగేయాలి. రంపపుపొట్టు ఎక్కువున్న లద్దెను మాగకముందే చల్లితే అది నేలలోని నత్రజనిని లాక్కుని గడ్డి పసుపెక్కుతుంది.

టాల్ ఫెస్క్యూ అనే గడ్డి ఉంటే అందులో ఎండోఫైట్ (మొక్క లోపలే బతికే) శిలీంధ్రం ఉందేమో పరీక్ష చేయించండి. ఉంటే ఈనే ముందు చివరి 60–90 రోజులు చూడి గుర్రాల్ని అందులోకి పంపొద్దు. నెలలు దాటిపోవడం, మావి మందం కావడం, పాలు రాకపోవడం దానివల్లే.

నేలపరీక్ష:
శాతం అంకె ఒక్కదానితోనే ఏమీ తేలదు. 30 సెంటీమీటర్ల లోతు వరకు కోర్‌లు (గొట్టంతో తీసే మట్టి శాంపిళ్లు) తీసి, మట్టి సాంద్రత కూడా కొలవండి. కర్బనం శాతం × సాంద్రత × లోతు లెక్క కడితే హెక్టారుకు టన్నులొస్తాయి. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములనుకుంటే, 1.2 × 1.3 × 30 అంటే 46.8 టన్నులు (మీ 1.2 పై పొరది, కింద తక్కువే ఉంటుంది). తొక్కిడికి సాంద్రత 1.4 అయితే కర్బనం రవ్వంత పెరక్కపోయినా 50.4 చూపిస్తుంది! అందుకే లోతుతో కాకుండా సమాన మట్టి బరువుతో పోల్చమని ల్యాబ్‌కు చెప్పండి. సున్నపు నేలైతే కార్బొనేట్‌ను తీసేశాకే కొలవాలి.

గేట్లు, నీటితొట్ల దగ్గర, లద్దె మూలల్లో, మేసే చోట విడివిడిగా శాంపిల్ తీయండి, కలిపేయొద్దు. ఆ స్థలాల్లోనే, అదే కాలంలో, 3–5 ఏళ్లకు మళ్లీ తీయాలి. బయట కొన్న ఎండుగడ్డి, కంపోస్టు ఎంత వేశారో రాసి పెట్టుకోండి. వాటితో వచ్చిన కర్బనం వేరేచోటి నేలది, దాన్ని మేత ఖాతాలో వేయకూడదు.