ఎయిర్ రైఫిల్ స్టాక్‌ను (చెక్క భాగాన్ని) ఇంట్లోనే సరిచేసుకోవడం: మన సీమలో చేసి చూసినవాళ్లు చెప్పండి

కడప_నాన్న
అందరికీ నమస్తే. మా పాపకు పదమూడేళ్లు. ఈ మధ్యే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టింది. ఇంట్లో ప్రాక్టీసుకు పాత స్ప్రింగు రైఫిల్ ఉంది. 4.5 మిల్లీమీటర్లది, బ్యారెల్ వంచి కాక్ చేసే (అంటే స్ప్రింగును నొక్కి కాల్చడానికి సిద్ధం చేసే) రకం. అది పెద్దవాళ్ల కొలతకు చేసింది. భుజానికి ఆనిస్తే ట్రిగ్గర్ అందక మెడ ముందుకు సాగుతోంది. చెంప చెక్క మీద పెడితే కన్ను సైటు కంటే కిందే ఉండిపోతోంది. ఈ చెక్కనే తనకు సరిపోయేలా చేద్దామని ఉంది. బట్, అంటే భుజానికి ఆనే వెనక భాగం, ఎంత కోయాలి? చెంప దగ్గర ఎంత ఎత్తాలి?

ఆదోని_ఎన్‌సీసీ
సార్, ముందు కొలత తీయండి. మోచేతిని తొంభై డిగ్రీలకు మడిచి, బట్ చివరను ఆ మడతలో ఆనించమనండి. చూపుడు వేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీద పడాలి. వేలు ఎంత దూరంలో ఆగిపోయిందో సుమారుగా అంత పొడుగు ఎక్కువున్నట్టు. ఇది తొలి అంచనా మాత్రమే. తర్వాత నిలబడి గురి పట్టి చూడాలి. షూటింగ్ జాకెట్ వేసుకునే అలవాటుంటే అది తొడుక్కునే చూడాలి, దాని మందం కూడా లెక్కలోకి వస్తుంది.

పొడుగు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఎన్‌సీసీలో చాలా ఏళ్లు పిల్లలకు ఫైరింగ్ నేర్పాను. పాత 303 లీ-ఎన్‌ఫీల్డ్ బట్ మీద అక్షరం కొట్టి ఉంటుంది. పొట్టిదానికి ఎస్, పొడుగుదానికి ఎల్, మరీ పొట్టిదానికి బి. మామూలు సైజుకు చాలావాటి మీద ఏ అక్షరమూ ఉండదు. ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా అర అంగుళమే. లక్షల్లో రైఫిళ్లు తయారైన రోజుల్లోనే సిపాయి చేతిని బట్టి బట్ మార్చారు. ఎదిగే పిల్లకు పెద్దవాళ్ల స్టాక్ ఇచ్చి సర్దుకోమనడం న్యాయం కాదు. తప్పు భంగిమ ఒకసారి అలవాటైతే మాన్పించడం చాలా కష్టం.

ప్రొద్దుటూరు_చెక్కపని
అన్నా, నాది తలుపులు, కిటికీల పని. తెలిసినవాళ్లకు ఎయిర్ రైఫిల్ స్టాకులు కూడా చేసిపెడుతుంటాను. నేను చెప్పేది ఒకటే, కోత చివర్లో పెట్టుకోండి. ముందు అంటించి చూడండి. యోగా మ్యాట్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి చెంప దగ్గర టేపు చుట్టండి. పాపను కళ్లు మూసుకుని హాయిగా చెంప ఆనించమనండి. తర్వాత కళ్లు తెరవమనండి. తెరవగానే సైట్లు రెండూ ఒకే వరసలో కనబడాలి. తల పైకెత్తాల్సి వస్తే ఇంకో పొర వేయండి, కిందికి నొక్కాల్సి వస్తే ఒకటి తీయండి. కొన్నాళ్లు అలాగే కాల్చనిచ్చి, ఇక మార్చక్కర్లేదు అనిపించాకే ఆ ఎత్తుకు చెక్క ముక్క చేయండి.

ఇక బట్. ప్యాడ్ మందం కూడా కలుపుకుని కోయాలి. పొడుగు అంగుళం తగ్గాలి, అర అంగుళం రబ్బరు ప్యాడ్ కొత్తగా వేస్తున్నారంటే కోసేది అంగుళం కాదు, ఒకటిన్నర. బట్ చివర నిటారుగా ఉండదు, కొంచెం వాలు ఉంటుంది. ఆ వాలును ముందే అట్ట మీద గీసి పెట్టుకోండి, కోత కూడా అదే వాలులో రావాలి. కోసే గీత చుట్టూ టేపు గట్టిగా వేస్తే అంచు పెచ్చులు లేవదు. పళ్లు సన్నగా ఉన్న రంపం వాడండి. తర్వాత చిత్రిక పట్టేటప్పుడు రెండు అంచుల నుంచీ మధ్యకు రండి. ఒకే వైపు తోసుకుంటూ పోతే అవతలి అంచు చీలిపోతుంది.

కోసిన ముక్కను పారేయొద్దు. పలకలుగా చేసి దాచండి. పాప ఎదిగే కొద్దీ ప్యాడ్‌కూ బట్‌కూ మధ్య ఒక్కో పలక పెట్టొచ్చు. అదే చెక్క కాబట్టి చారలు, రంగు కలిసిపోతాయి.

కడప_నాన్న
చాలా థ్యాంక్స్ అన్నా. మ్యాట్ పెట్టి చూశాం, మెడ నిటారుగా వస్తోంది. చెంప ముక్కకు టేకు ఉంది. ఫెవికాల్ చాలా?

ప్రొద్దుటూరు_చెక్కపని
చాలు, కానీ టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టనివ్వదు. అంటించే ముందు కొత్తగా గరుకు కాగితం రుద్ది, థిన్నర్‌తో తుడిచి, ఆరగానే జిగురు పూయండి. గుండ్రటి చోట క్లాంపు నిలవదు. పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా కోసి సాగదీసి చుట్టండి, అన్ని వైపులా సమానంగా పట్టి ఉంచుతుంది. ఇంకో మాట, టేకు మెత్తగానే తెగుతుంది గానీ ఉలి పదును త్వరగా పోగొడుతుంది. నూరుకుంటూ చేయండి.

ముందు భాగంలో మాత్రం చెక్క తీయొద్దు. కాకింగ్ కమ్మీ ఆడటానికి అక్కడ పొడవాటి గాడి ఉంటుంది, పక్క గోడలు అసలే పలచన.

అనంత_గురి
చెక్క విప్పే ముందు రైఫిల్ కాక్ అయి లేదని, బ్యారెల్‌లో పెల్లెట్ లేదని చూసుకోండి. స్ప్రింగు, పిస్టన్, ట్రిగ్గర్ జోలికి పోవద్దు. పని చెక్క వరకే.

మా అనంతపురం ఎండకు స్క్రూల బాధ ఎక్కువ. చెక్క పొడవునా దాదాపు కుంచించుకుపోదు, అడ్డంగానే కుంచించుకుపోతుంది. ఏప్రిల్ వచ్చేసరికి స్క్రూ తల కింద చెక్క తగ్గి వదులవుతుంది. దానికి తోడు స్ప్రింగు రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతుంది. మళ్లీ మళ్లీ బిగిస్తూ పోతే స్క్రూ తల చెక్కలోకి దిగిపోతుంది. నేను రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, సరైన పొడుగుకు కోసిన అల్యూమినియం గొట్టం ముక్కను అరాల్డైట్‌తో లోపల కూర్చోబెట్టాను. ఇప్పుడు స్క్రూ బిగింపు చెక్క మీద పడదు, గొట్టం మీద పడుతుంది. జిగురు పట్టకుండా ఉండాలంటే స్క్రూకి, లోహం ఆనే చోటంతా మైనం పూయాలి. అది మరిచిపోతే రైఫిల్, చెక్క కలిసి ఒకటే అయిపోతాయి.

కర్నూలు_పాలిష్
పాలిష్ గురించి ఎవరూ అనలేదు. పాత వార్నిష్ తీసి 120, 180, 240, 320 నంబర్ల గరుకు కాగితాలతో అదే వరసలో రుద్దండి. మధ్యలో తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది, దాన్ని రుద్దేస్తే ఇక లేవదు. సొట్టలుంటే తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనించండి. చెక్క తెగకుండా నొక్కుకుపోయిందంతే అయితే ఆవిరికి పొంగుతుంది. ఆ తర్వాత బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె. పలచగా పూసి, పావుగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయాలి. ఒక పూత బాగా ఆరాకే ఇంకోటి.

మన దగ్గర చాలామంది ఇంట్లో ఉంది కదా అని వేరుశనగ నూనె పూస్తారు. అది గాలికి గట్టిపడదు. జిడ్డుగా ఉండి దుమ్ము పట్టి వాసనొస్తుంది. ఆముదం కూడా అంతే. కుసుమ నూనె ఆరుతుంది గానీ నిదానం.

తుడిచిన గుడ్డలు మాత్రం ఉండ చుట్టి మూల పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ఉండ తనంతట తానే అంటుకుంటుంది. విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

బద్వేలు_కుర్రోడు
అన్నలూ, ఎర్రచందనంతో చేస్తే ఎట్లుంటుంది? రంగు అదిరిపోతుంది కదా?

ప్రొద్దుటూరు_చెక్కపని
వద్దు తమ్ముడూ. అది సొంత పొలంలో పెరిగినా నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. అనుమతి కాగితం లేని ముక్క ఇంట్లో ఉంటే కేసే. అంతర్జాతీయంగా కూడా సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. పైగా చాలా బరువు చెక్క. పోటీల్లో పది మీటర్ల రైఫిల్ సైట్లతో కలిపి 5.5 కిలోలు దాటకూడదు. అదలా ఉంచినా, చిన్న పిల్ల చేతికి అంత బరువు ఎందుకు?

ఆళ్లగడ్డ_రైతు
మా తాత లైసెన్సు మీద 12 బోర్ తుపాకీ ఉంది, పొలం కాపలాకు. దాని బట్ పగిలింది. ఇదే పద్ధతిలో ఇంట్లో చేయొచ్చా?

ఆదోని_ఎన్‌సీసీ
వద్దండీ. బ్యారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అందుకే ఇక్కడ ఇంత ధీమాగా మాట్లాడుకుంటున్నాం. మీది మందుగుండు ఆయుధం. రిపేరుకు లైసెన్సు ఉన్న షాపులోనే ఇవ్వండి, మీ లైసెన్సు కాగితం వెంట తీసుకెళ్లండి. పగిలిన బట్‌తో పేల్చొద్దు.

ఎయిర్ రైఫిల్ వాళ్లకూ ఒక మాట. వెనక గట్టి అడ్డు లేకుండా మిద్దె మీద కాల్చొద్దు. పిట్టల మీదికి అసలే వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఎయిర్‌గన్‌కూ వర్తిస్తుంది.

అనంత_గురి
మొత్తం స్టాకే కొత్తగా చేసుకోవాలంటే చెక్క ఎక్కడ దొరుకుతుంది? కోత మిల్లులో తెచ్చిన వేప దుంగ రెండు నెలలకే మెలి తిరిగిందని మా ఫ్రెండ్ బాధపడుతున్నాడు.

ప్రొద్దుటూరు_చెక్కపని
పచ్చి చెక్క అంతే. వేపకు పురుగు త్వరగా పట్టదు, మంచిదే, కానీ నీడలో బాగా ఎండాలి. మామిడి అయితే పురుగు భయం. పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే టేకు ద్వారబంధాలు అమ్మే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది, ఇక మెలి తిరగదు. మూడడుగుల ముక్క, రెండంగుళాల మందం, పగుళ్లు లేనిది చూసి తెచ్చుకోమనండి. సన్నగా ఉండే పిడి దగ్గర చారలు అడ్డంగా కాకుండా పొడవునా పోవాలి, లేకపోతే అక్కడే విరుగుతుంది. రంపం పెట్టే ముందు అయస్కాంతం తిప్పి లోపల మేకులున్నాయేమో చూసుకోవాలి.